స్మోకర్ కొనేముందు మంట సంగతి

టెక్సస్ రాష్ట్రంలో, ఆస్టిన్ నగరానికి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో లాక్‌హార్ట్ అనే చిన్న ఊరుంది. 1999లో ఆ రాష్ట్ర శాసనసభ దాన్ని టెక్సస్ బార్బెక్యూ రాజధానిగా ప్రకటించింది. అక్కడ స్మిటీస్ మార్కెట్ అనే పాత దుకాణంలో మాంసం వండే తీరు చూడాలి. నడుము ఎత్తున ఇటుకలతో కట్టిన పొడవాటి పొయ్యి ఉంటుంది. దాని ఒక చివర, నేల మీదే, కట్టెలు బాహాటంగా మండుతుంటాయి. రెండో చివర పొగగొట్టం ఉంటుంది. మధ్యలో, ఇనుప మూత కింద, మాంసం. పొగగొట్టంలోంచి వేడిగాలి పైకి పోతుంటే ఆ ఖాళీని నింపడానికి మంట దగ్గరి వేడీ పొగా పొయ్యిలోకి వచ్చి చేరతాయి, మాంసం మీదుగా సాగి బయటికి వెళ్తాయి. ఫ్యాను లేదు, మీట లేదు. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి ఎప్పుడు ఎంత కట్టె వెయ్యాలో చూసుకుంటాడు, అంతే.

ఇప్పుడు అక్కణ్ణుంచి తూర్పుగా, సౌత్ కరొలైనాలోని హెమింగ్‌వే అనే ఊరికి వెళ్దాం. అక్కడ 1972లో మొదలైన స్కాట్ కుటుంబం వారి బార్బెక్యూలో పద్ధతి వేరు. కట్టెల్ని మాంసం దగ్గర మండించరు. పక్కన ఒక పెద్ద ఇనుప పీపాలో మండిస్తారు. పీపా మధ్యలో అడ్డంగా కడ్డీలు గుచ్చి ఉంటాయి. కట్టెలు వాటి మీద కాలి, నిప్పులుగా విరిగి కిందికి రాలతాయి. ఆ నిప్పుల్ని పారతో ఎత్తి, గోతిలో, బోర్లా పరిచిన పంది కింద కొద్దికొద్దిగా చల్లుతారు. రాత్రంతా అదే పని. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బానిసత్వపు రోజుల నుంచి నల్లజాతి వంటవాళ్లు చేతుల మీదుగా అందించుకుంటూ వచ్చిన విద్య ఇది. ఆ కుటుంబంలోని రాడ్నీ స్కాట్‌కు 2018లో జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. అమెరికాలో వంటవాళ్లకు దక్కే గౌరవాల్లో అది అగ్రశ్రేణిది.

ఈ రెండు పొయ్యిల గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. దుకాణంలో వరసగా నిలబెట్టిన స్మోకర్లలో దాదాపు ప్రతిదీ ఈ రెండింటిలో ఒకదాని వారసురాలే. కట్టెల మంటతో నడిచే ఆఫ్‌సెట్ స్మోకర్ లాక్‌హార్ట్ వైపుది. బొగ్గులతో నడిచేవన్నీ హెమింగ్‌వే వైపువి. అక్కడ కట్టెను పీపాలో ముందుగా కాల్చి నిప్పు చేస్తున్నారు. మనం కొనే బొగ్గు కూడా ఎక్కడో ముందుగా కాల్చి ఉంచిన కట్టే. కొనేవాళ్లు మామూలుగా చూసేది పరిమాణం, ధర, మూత మీది గడియారం లాంటి థర్మామీటర్. అవన్నీ తర్వాతి సంగతులు. ఈ రెండు మంటల్లో మీరు ఏ మంట దగ్గర ఎన్ని గంటలు కూర్చోగలరన్నది మొదట తేల్చుకోవాలి. అది తేలితే మిగతా ఎంపిక సగం పూర్తయినట్టే.

గ్రిల్లుకీ స్మోకర్‌కీ తేడా కూడా ముందే చెప్పుకోవాలి. గ్రిల్లులో మాంసం సరిగ్గా నిప్పుల పైన, ఎక్కువ వేడి మీద, నిమిషాల్లో కాలుతుంది. స్మోకర్‌లో వేడి 225 నుంచి 275 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, అంటే సుమారు 107 నుంచి 135 సెల్సియస్ మధ్య నిలుస్తుంది. పని గంటల తరబడి సాగుతుంది. ఇంత నిదానం ఎందుకంటే, స్మోకర్‌లోకి వెళ్లేవి గట్టి ముక్కలు. ఆవు రొమ్ము భాగమైన బ్రిస్కెట్, పంది భుజం, మేక ముందుకాలి జబ్బ. ఆ జంతువు బరువంతా మోసి, రోజంతా కదిలిన కండలు అవి. వాటిలో కొలాజెన్ అనే పీచు దండిగా ఉంటుంది. తక్కువసేపు కాలిస్తే అది నమలలేనంత గట్టిగా ఉండిపోతుంది. మాంసం లోపలి వేడి 70 సెల్సియస్ దాటాక గంటలకొద్దీ అలాగే ఉంచితే మెల్లగా కరిగి జెలటిన్ అవుతుంది. బ్రిస్కెట్‌ను లోపల 93 నుంచి 96 సెల్సియస్ వచ్చేదాకా వండేది అందుకే. పాయాను రాత్రంతా సన్నసెగ మీద ఉంచితే పులుసు వేళ్లకు అంటుకునేట్టు అవుతుందే, ఆ జిగట కూడా ఈ జెలటిన్‌దే.

ఇక పొగ. పొగ అంటే ఏదో ఒక పొగ కాదు. కట్టెల పొయ్యి మీద వండిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. పచ్చికట్టె పెడితే తెల్లటి దట్టమైన పొగ కమ్ముకుని కళ్లు మండేవి, అన్నానికి పొగచూరు వాసన పట్టేది. ఎండుకట్టె బాగా అంటుకుని భగ్గున మండుతుంటే పొగ కనిపించీ కనిపించనట్టు ఉండేది. స్మోకర్‌లో కావలసింది ఆ రెండోదే. కట్టె వేడెక్కగానే అందులోని సెల్యులోజ్, లిగ్నిన్ విడిపోయి వాయువులుగా బయటికి వస్తాయి. తగినంత గాలి, తగినంత వేడి ఉంటే ఆ వాయువులు మంటలో కాలిపోతాయి. మిగిలేది పలచటి నీలిరంగు పొగ. లిగ్నిన్ నుంచి పుట్టే గ్వాయకాల్, సిరింగాల్ వంటి పదార్థాలు అందులో ఉంటాయి. మనకు ఇష్టమైన పొగ రుచీ వాసనా చాలావరకు వాటివల్ల వచ్చేవే. గాలి చాలకపోతే ఆ వాయువులు కాలకుండానే తెల్లటి పొగగా వచ్చి, మాంసం మీద తారులా పేరుకుంటాయి. నాలుక మీద చేదు, కాస్త తిమ్మిరి. మొదటిసారి స్మోకర్ వాడినవాళ్ల వంట పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. పొగ ఎంత ఎక్కువ వస్తే అంత మంచిదనుకుని గాలిని బిగించేస్తారు.

బొగ్గుకూ కట్టెకూ అసలు తేడా ఇక్కడ తెలుస్తుంది. బొగ్గు తయారయ్యేటప్పుడే కట్టెలోని నీరు, వాయువులు చాలావరకు పోయాయి. మిగిలింది ఎక్కువగా కార్బనే. అందుచేత బొగ్గుకు గాలి తగ్గించినా చేదు పొగ పెద్దగా రాదు, నిదానంగా కాలుతుంది. కింది గాలి ద్వారాన్ని ఇంత మూస్తే వేడి ఇంత తగ్గుతుంది. కట్టెతో ఆ పని కుదరదు. కట్టె మంటకు గాలి తగ్గించిన మరుక్షణం పొగ చెడుతుంది. అందువల్ల కట్టెల స్మోకర్‌లో గాలిని పూర్తిగా వదిలిపెట్టి, మంటనే చిన్నదిగా ఉంచుకోవాలి. చిన్న కట్టె, తరచుగా, ఎప్పుడూ జ్వాలతో మండుతూ. ఒకదాన్ని అదుపు చేసేది గాలి, రెండోదాన్ని అదుపు చేసేది కట్టెల లెక్క. బొగ్గు స్మోకర్ దగ్గర నిద్రపోవచ్చు, కట్టెల స్మోకర్ దగ్గర కుదరదు.

బొగ్గు స్మోకర్లలో మొట్టమొదట చూడవలసింది చాలామంది స్మోకర్‌గా లెక్కలోకే తీసుకోని కెటిల్. 1952లో షికాగోలోని వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసే జార్జ్ స్టీఫెన్, నీటి మీద తేలే బోయాల కోసం చేసే ఇనుప గుండ్రటి చట్రాన్ని రెండుగా తీసుకుని, కింది సగాన్ని పొయ్యిగా, పై సగాన్ని మూతగా వాడాడు. గాలి ఆడటానికి రంధ్రాలు పెట్టాడు. 22 అంగుళాల కెటిల్ కొత్తది 200 డాలర్ల ప్రాంతంలో దొరుకుతుంది. పాతది ఇంకా చవక. బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టి, మాంసం రెండో పక్క పెట్టి, మూతలోని గాలి ద్వారం మాంసం మీదికి వచ్చేలా మూస్తే చాలు, అది స్మోకరే. ఇంకా ఎక్కువసేపు కావాలంటే ఒకే పరిమాణంలో ఉండే బ్రికెట్ బొగ్గుల్ని గోడ వెంబడి అర్ధచంద్రంలా రెండు వరసలు పేర్చి, మీద అక్కడక్కడా కట్టె ముక్కలు పెట్టి, ఒక చివర మాత్రమే నిప్పు పెడతారు. నిప్పు మెల్లగా రెండో చివరికి పాకుతూ ఆరేడు గంటలు నిలుస్తుంది. పొగబెట్టిన వంట తమకు నచ్చుతుందో లేదో ఇంకా తెలియనివాళ్లు కెటిల్‌తో మొదలుపెట్టడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. స్మోకింగ్ మీద మనసు పోకపోయినా గ్రిల్లుగా పనికొస్తూనే ఉంటుంది.

ఆ తర్వాతిది నిలువుగా ఉండే నీళ్ల స్మోకర్. వెబర్ వాళ్లే 1981లో స్మోకీ మౌంటెన్ పేరుతో తెచ్చింది బాగా పేరు పొందింది. అడుగున బొగ్గులు, వాటి పైన నీళ్ల పళ్లెం, ఆ పైన రెండు అంతస్తుల్లో మాంసం. నీళ్ల పళ్లేనిది చిన్న పని కాదు. నీరు ఎంత మరిగినా 100 సెల్సియస్ దాటదు, ఆవిరి కావడానికి చాలా వేడిని మింగుతుంది. దాంతో కింద నిప్పులు కాస్త ఎగిసినా పైన మాంసం దగ్గర వేడి ఉన్నట్టుండి పెరగదు. నిప్పులకూ మాంసానికీ మధ్య అడ్డుగా కూడా నిలుస్తుంది. ఇందులో నిప్పు పెట్టే పద్ధతికి జిమ్ మినియన్ అనే ఆయన పేరు స్థిరపడింది. అడుగున బొగ్గులుండే చోటు నిండా కాలని బొగ్గులు పోసి, మీద కొన్ని రగిలించిన బొగ్గులు మాత్రం వేస్తారు. నిప్పు పైనుంచి కిందికి నెమ్మదిగా దిగుతూ రాత్రంతా పనిచేస్తుంది. ఉద్యోగం, పిల్లలు, శనివారం పొద్దున క్లాసులు ఉన్న ఇంటికి నేను ముందుగా చెప్పేది ఇదే. 18 అంగుళాలది నలుగురున్న కుటుంబానికీ, వచ్చే పదిమంది చుట్టాలకూ సరిపోతుంది. 14 అంగుళాలదానిలో పూర్తి బ్రిస్కెట్ పట్టించడం కష్టం.

కమాడో కథ వేరు. జపాన్‌లో అన్నం వండే మట్టి పొయ్యిల నుంచి వచ్చిన రూపం అది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ పనిచేసిన అమెరికా సైనికుల ద్వారా ఆ దేశానికి చేరింది. 1974లో అట్లాంటాలో మొదలైన బిగ్ గ్రీన్ ఎగ్ దాన్ని ఇంటింటి పేరు చేసింది. మందమైన పింగాణీ గోడలు వేడిని బయటికి పోనివ్వవు. అందుకే చాలా కొద్ది బొగ్గుతో, చాలా కొద్ది గాలితో పన్నెండు గంటలకు పైగా నడుస్తుంది. గాలి కదలిక తక్కువ కాబట్టి మాంసం తడి ఆరదు. చలికాలంలో డెన్వర్‌లోనో షికాగోలోనో ఉండేవాళ్లకు ఇది గొప్ప సుఖం. అయితే రెండు విషయాలు ముందే తెలుసుకోవాలి. ఒకసారి వేడి గీత దాటిపోతే ఆ గోడలు చల్లారడానికి చాలాసేపు పడుతుంది, కాబట్టి అనుకున్న వేడికి కింది నుంచి మెల్లగా చేరుకోవాలి. ఇంధనం కొద్దిగా కాలుతుంది కనుక పొగ రుచి కూడా ఆఫ్‌సెట్‌లో వచ్చినంత లోతుగా రాదు. ఇది లోపం కాదు, దాని స్వభావం. మంచి పింగాణీవి 1,000 డాలర్లు దాటడం మామూలు. పైగా బరువు. ఒకసారి పెట్టినచోటు మార్చడం తేలిక కాదు.

200 లీటర్ల నూనె పీపాతో చేసే డ్రమ్ము స్మోకర్ హెమింగ్‌వే గోతికి అన్నింటికన్నా దగ్గరిది. అడుగున బొగ్గుల బుట్ట, చాలా ఎత్తున మాంసం, మధ్యలో ఏమీ ఉండదు. కొవ్వు బొట్లు నిప్పుల మీద పడి లేచే ఆవిరికి ఒక ప్రత్యేకమైన రుచి ఉంది. కోడికీ పక్కటెముకలకూ ఇది నాకు చాలా ఇష్టమైన పొయ్యి. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్‌లోనో వెల్డింగ్ షాపు ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా చేసిపెట్టగలరు. అడుగున మూడు నాలుగు గాలి రంధ్రాలు, వాటిని మూసి తెరవడానికి ఏర్పాటు, గ్రేటు, బిగుతైన మూత, పొగ పోయే దారి. కాని జాగ్రత్త. రసాయనాలు నిల్వ చేసిన పీపా వద్దు. లోపలి పెయింటు పూత పూర్తిగా కాల్చి గీకేయాలి. జింకు పూసిన రేకు, అంటే గాల్వనైజ్డ్ రేకు, పొయ్యికి పనికిరాదు. బాగా వేడెక్కితే జింకు ఆవిరి వస్తుంది, అది పీలిస్తే జ్వరం తెస్తుంది.

విద్యుత్ ఫ్యానుతో బొగ్గుల గాలిని తానే సర్దుకునే స్మోకర్లు ఈమధ్య బాగా వచ్చాయి. కట్టె పొడిని గుళికలుగా చేసి కాల్చే పెల్లెట్ గ్రిల్లులు 1980ల్లో ఆరెగాన్‌లో ట్రేగర్ కుటుంబం మొదలుపెట్టింది. వీలు కావాలనుకునేవాళ్లకు రెండూ మంచివే. మంట నేర్చుకోవాలనుకునేవాళ్లకు అవి వేరే దారి.

ఇక ఆఫ్‌సెట్. పెరటి బార్బెక్యూ అనగానే అందరి కళ్లలో మెదిలే రూపం ఇదే. అడ్డంగా పెద్ద గొట్టం, దానికి ఒక పక్కన కాస్త దిగువగా కట్టెల పెట్టె, రెండో పక్కన పొగగొట్టం. డబ్బు పోగొట్టుకునేవాళ్లు కూడా ఎక్కువగా ఇక్కడే, కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

పెద్ద దుకాణాల్లో కొద్ది వందల డాలర్లకు దొరికే ఆఫ్‌సెట్లు పలచటి రేకువి, 2 మిల్లీమీటర్ల అటూఇటూ మందం. పేరున్న తయారీదారులవి 6 మిల్లీమీటర్ల ఉక్కువి. ఆ తేడా మన్నికకు సంబంధించింది మాత్రమే కాదు. ఉక్కు ఎంత మందంగా ఉంటే అంత వేడిని తనలో దాచుకుంటుంది. కట్టె రగిలినప్పుడు కొంత తీసుకుని, తగ్గినప్పుడు తిరిగి ఇస్తుంది. పలచటి రేకు దేన్నీ దాచుకోలేదు. కట్టె వేసిన పది నిమిషాలకు వేడి ఎగురుతుంది, మరో ఇరవై నిమిషాలకు పడిపోతుంది, ఉత్తరపు గాలి వీస్తే ఇంకా పడుతుంది. తలుపులు సరిగా బిగవవు, పొగ పొగగొట్టం దాకా పోకుండా సందుల్లోంచి కారుతుంది. కొత్తగా నేర్చుకునే మనిషికి అన్నింటికన్నా కష్టమైన పనిముట్టును చవక ధరకు అంటగట్టినట్టవుతుంది. దీంతో అసలు వండలేమని కాదు. ఆస్టిన్‌లో 2009లో చిన్న ట్రైలర్‌తో మొదలై, 2015లో జేమ్స్ బియర్డ్ పురస్కారం దాకా వెళ్లిన ఏరన్ ఫ్రాంక్లిన్ కూడా చవక ఆఫ్‌సెట్‌తోనే నేర్చుకున్నాడు. తర్వాత ఆయన వాడుతున్నవి 1,000 గ్యాలన్ల ప్రొపేన్ ట్యాంకులతో చేసిన పొయ్యిలు. చవకది ఇప్పటికే ఇంట్లో ఉంటే, మూత అంచులకు వేడిని తట్టుకునే పట్టీ అంటించండి. కట్టెల పెట్టెలో బొగ్గుల పరుపు వేసి, దానిమీద మణికట్టు మందం కట్టెలు ఒక్కొక్కటిగా వెయ్యండి. చాలావరకు దారికొస్తుంది.

మంచి ఆఫ్‌సెట్ అయినా ఒక విషయం మారదు. దానికి మనిషి కావాలి. అరగంటకో ముప్పావు గంటకో ఒక కట్టె. ఐదారు కిలోల బ్రిస్కెట్‌కు పది నుంచి పద్నాలుగు గంటలు. దీనికి తోడు, మాంసం లోపల 65 నుంచి 75 సెల్సియస్ మధ్య ఎక్కడో వేడి పెరగడం ఆగిపోయి గంటలు గడుస్తాయి. పైపొర నుంచి తడి ఆవిరవుతూ, లోపలికి వెళ్లే వేడిని అదే తీసేసుకోవడం వల్ల ఇలా జరుగుతుందని గ్రెగ్ బ్లాండర్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రయోగాలతో చూపించాడు. ఆఫ్‌సెట్‌లో గాలి బాగా ఆడుతుంది కాబట్టి ఈ ఆవిరీ ఎక్కువే. చాలామంది ఆ దశలో మాంసాన్ని కాగితంలోనో రేకులోనో చుడతారు. ఇదంతా పని అనిపిస్తే ఆఫ్‌సెట్ మీది కాదు. తెల్లవారుజామున లేచి, మంట పక్కన కుర్చీ వేసుకుని, కట్టె అంటుకునే చప్పుడు వింటూ కూర్చోవడం మీకు విశ్రాంతి అయితే, డబ్బు దాచుకుని మందపాటిదే కొనండి. ఆ రుచి వేరే పొయ్యిలో రాదు. గాలి నిండుగా ఆడిన చోట, శుభ్రంగా మండిన కట్టె మీద వండిన మాంసానికి పొగ రుచి నాలుక మీద బరువుగా కాక, తిన్నాక నెమ్మదిగా తెలుస్తుంది.

కట్టె విషయానికి వస్తే, మధ్య టెక్సస్‌లో పోస్ట్ ఓక్, తూర్పున హికరీ, ఇంకా పెకాన్, ఆపిల్, చెర్రీ. ఇవన్నీ బంక లేని గట్టి కట్టెలు. పైన్ వంటి బంక కట్టెలు, పెయింటు వేసినవి, ప్లైవుడ్, సామాన్ల కింద వచ్చే చెక్కలు ఎప్పుడూ వద్దు. ఏ కట్టె అన్నదానికన్నా ఎంత ఎండిందన్నది ముఖ్యం. చీల్చి, నీడలో గాలి తగిలేట్టు నెలల తరబడి ఆరబెట్టినదై ఉండాలి. చిన్న కట్టె ముక్కల్ని నీళ్లలో నానబెట్టమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ నీరంతా ఆవిరయ్యేదాకా కట్టె మండదు, నిప్పు చల్లబడుతుంది. అవసరం లేదు. టెక్సస్ పశ్చిమాన మెస్కీట్ వాడతారు. దాని పొగ ఘాటు ఎక్కువ, అందుకే లానో ఊళ్లోని కూపర్స్‌లాంటి చోట్ల దాన్ని ముందుగా నిప్పులు చేసి, ఆ నిప్పుల మీదే మాంసం కాలుస్తారు. మన ఊళ్లలో చెరువు గట్ల మీదా బీడుల్లోనూ అల్లుకుపోయిన సర్కారు తుమ్మ ఈ మెస్కీట్‌కు దగ్గరి చుట్టమే, రెండూ ప్రోసోపిస్ జాతివి. దాని బొగ్గు మన దగ్గర సులభంగా దొరుకుతుంది. మనవాళ్లు ఇక్కడ డ్రమ్ము కట్టించుకుంటే ఇంధనం కోసం దిగుమతుల వైపు చూడనక్కర్లేదు. పచ్చి తుమ్మ కట్టెను నేరుగా పొగకు వాడకుండా, దాని బొగ్గు వాడి, పొగ కోసం బాగా ఎండిన జామ కట్టె ముక్కలు రెండు మూడు వేస్తే సరిపోతుంది.

బొగ్గుల్లో బ్రికెట్లు ఒకే పరిమాణంలో ఉంటాయి, ఒకేలా కాలతాయి, బూడిద ఎక్కువ. కట్టె ఆకారం పోని బొగ్గు వేడిగా కాలుతుంది, బూడిద తక్కువ, ముక్కలు ఎగుడుదిగుడు. కమాడోలో అడుగు గాలి దారి బూడిదతో పూడుకుపోకుండా రెండోదే వాడాలి. మిగతావాటికి నేను బ్రికెట్లే చెబుతాను. కిరోసిన్ లాంటి ద్రవాలు పోసి వెలిగించవద్దు, వాటి వాసన మాంసానికి చేరుతుంది. అడుగున కాగితం పెట్టి వెలిగించే ఇనుప చిమ్నీ డబ్బా ఒకటి కొనుక్కుంటే జీవితాంతం పనికొస్తుంది.

దాంతోపాటు తప్పనిసరిగా కొనవలసింది రెండు సూదులున్న థర్మామీటర్. మూత మీది గడియారం చూపేది మూత దగ్గరి వేడిని. మాంసం ఉన్నచోట వేడి దానికి పాతిక ముప్పై డిగ్రీలు అటూఇటూ ఉండవచ్చు. ఒక సూది గ్రేటు మీద, ఇంకొకటి మాంసంలో. కోడి లోపల 74 సెల్సియస్ చేరిందో లేదో కంటితో చెప్పలేం. పొగబెట్టిన మాంసంలో గులాబీరంగు గీత వస్తుంది. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ కండలోని మయోగ్లోబిన్‌తో కలవడంవల్ల అది ఏర్పడుతుంది, ఉడికినా ఆ రంగు పోదు. కాబట్టి రంగు చూసి ఉడికిందో లేదో తేల్చకూడదు.

స్మోకర్ ఎక్కడ పెడతారన్నది కూడా ఎంపికలో భాగమే. అమెరికాలో చాలా ఊళ్లు పాటించే అగ్నిమాపక నియమావళి ప్రకారం అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో, మండే గోడలకు 10 అడుగుల లోపు బొగ్గు పొయ్యి వాడకూడదు. సొంత ఇల్లు ఉన్నవాళ్లు కూడా ఆ దూరం పాటించడం మేలు. టెక్సస్‌లో ఎండలు ముదిరినప్పుడు జిల్లా అధికారులు బహిరంగ మంటల మీద నిషేధం పెడుతుంటారు, చూసుకోవాలి. వర్షం వచ్చినా సరే గ్యారేజీలోకి జరపకండి. గాలి తగ్గించిన బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి వాసన ఉండదు, అది ప్రాణాలు తీస్తుంది. చల్లారినట్టు కనిపించే బూడిదలో మరునాటికి కూడా నిప్పు ఉండవచ్చు. మూతున్న ఇనుప డబ్బాలోనే పోయాలి.

మన ఇళ్లలో చాలామంది గొడ్డు మాంసం తినరు, పంది కూడా తినరు. దానివల్ల స్మోకర్ విలువ తగ్గిపోదు. మేక, గొర్రె జబ్బలు ఈ పద్ధతికి చక్కగా సరిపోతాయి. మేకలో కొవ్వు తక్కువ, అందుకని మూడు నాలుగు గంటలు పొగ తగిలి రంగు వచ్చాక రేకులో చుట్టి, కాస్త నూనెగాని నెయ్యిగాని వేసి, మెత్తబడేదాకా ఉంచాలి. తొడ కన్నా జబ్బే మేలు, పీచూ కొవ్వూ అక్కడే ఎక్కువ. ఉప్పు, కారం, ధనియాలు, మిరియాలు, వెల్లుల్లి పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. గ్రిల్లు మీద నిమిషాల్లో మాడిపోయే కారం ఈ తక్కువ వేడిలో మాడదు, నల్లటి ఎరుపుకు తిరిగి పెచ్చు కడుతుంది. పెరుగు పట్టించినప్పుడు మాత్రం పొయ్యిలో పెట్టేముందు పైది తుడిచెయ్యాలి, లేకపోతే పెచ్చు కట్టదు. కోడిని 225 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో వండితే చర్మం సాగుతుంది. దానికి 300 దాటిన వేడి కావాలి. ఆ వేడికి తేలిగ్గా చేరే కెటిల్, డ్రమ్ము, కమాడో కోడి ఎక్కువగా వండే ఇంటికి అనువైనవి. నీళ్ల స్మోకర్‌లో అయితే పళ్లెం ఖాళీగా ఉంచాలి.

ఏది కొన్నా, మొదటి శనివారం మాంసం కొనకండి. లోపలి నూనె, ధూళి పోయేట్టు ఖాళీ స్మోకర్‌ను రెండు మూడు గంటలు కాల్చండి. పై గాలి ద్వారం పూర్తిగా తెరిచి, కింది దాన్ని సగం మూసి, పావుగంట ఆగి వేడి ఎంతో రాసుకోండి. పావు వంతుకు మూసి మళ్లీ పావుగంట ఆగి రాసుకోండి. తొందరపడి రెండుసార్లు కదిపితే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలియదు. ఆఫ్‌సెట్ అయితే రాసుకోవలసింది వేరు, ఎంత లావు కట్టె ఎంతసేపు నిలిచిందన్నది. ఆ తర్వాతి వారం కోడి కాళ్లతో మొదలుపెట్టండి. ఖర్చు తక్కువ, గంటన్నరలో తెలిసిపోతుంది, కొంచెం అటూఇటూ అయినా తినగలం. మాంసం పెట్టేముందు పొగ వచ్చే దారి వైపు చూస్తుండండి. తెల్లగా దట్టంగా వస్తుంటే మూత తెరవకుండా ముందు నిప్పుకు గాలి పెంచండి. పలచబడి నీలిరంగుకు తిరిగాక మాంసం లోపల పెట్టండి.